చొక్కా చేతి బొత్తాం

బిషారా బూట్లు విప్పి గోడవారగా పెట్టి, మోకాళ్ళ మీద పాకుతూ ఇన్‌స్పెక్టరు గారి బల్ల కిందికి దూరాడు. లోపల మడత పెట్టిన కంబళి పరిచారు. యాభై ఆరేళ్ళ నడుము వంగాల్సినంత వంగక, ఒక మోచేయి మీద ఒరిగి తల పైకెత్తి పెట్టుకున్నాడు. పైన సొరుగు ఉంది. ఆ సొరుగుకి అడుగు లేదు. వడ్రంగి చేత నిన్ననే కోయించారు. షుక్రీ బే మాట మర్చిపోతే కాగితం కోసం వెతుకుతున్నట్టు సొరుగు లాగుతాడు. కింద బిషారా మొహం కనబడుతుంది. బిషారా పెదాలు కదిపి మాట అందించాలి.

"పెదాలు మాత్రమే, ఉస్తాద్!" అని సౌండు చూసే ఆర్తీన్ అవతలి నుంచి అరిచాడు. "నిన్న మీరు గుసగుసలాడితే నా మైకులో పాము బుస కొట్టినట్టుంది. గాలి కూడా బయటికి రాకూడదు."

"ఊపిరి పీల్చుకోవచ్చా నాయనా?" అన్నాడు బిషారా.

"షాట్ అయ్యాక పీల్చుకోండి."

అందరూ నవ్వారు. బిషారా కూడా నవ్వాడు. ముప్ఫయ్యేళ్ళుగా కైరోలో నాటకాల వాళ్ళకి మాటలందిస్తున్నాడు. స్టేజీ ముందంచున నేలలో తవ్విన గూట్లో కూర్చుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, జనానికి వినబడకుండా నటుడికి మాత్రం వినబడేలా ఎంత గొంతు పెట్టాలో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఇప్పుడు ఆ కాస్త గొంతూ వద్దంటున్నారు.

అయినా అతనికి బాధ లేదు. వేసవిలో నాటకశాల మూసేస్తారు. అక్టోబరు దాకా పని ఉండదు. 'ఠాణా గది' నాటకాన్ని సినిమాగా తీస్తామని కంపెనీ వాళ్ళు వచ్చినప్పుడు షుక్రీ బే ఒక్కటే షరతు పెట్టాడు: "బిషారా లేకపోతే నేను కెమెరా ముందుకి రాను." 'బే' లాంటి బిరుదులు రద్దయి మూడేళ్ళయినా ఈ ఊళ్ళో అందరికీ అతను షుక్రీ బేనే. అతనే ఆ మాట అనకపోతే బిషారాని పిలిచేవాళ్ళే లేరు. అది బిషారా మర్చిపోలేదు.

కథ అంతా ఠాణాలో ఒకే గదిలో, ఆగస్టు ఎండలో ఒక పగటి పూట జరుగుతుంది. మందులషాపు యజమాని ఒకడు అన్నని విషం పెట్టి చంపుతాడు. పొద్దు వాలకముందే ఇన్‌స్పెక్టరు వాడి చేతే నిజం చెప్పిస్తాడు. ఇన్‌స్పెక్టరు షుక్రీ. హంతకుడి వేషం స్టేజీ మీద వేసినవాడికి బదులు సినిమాల్లో పేరున్న యూనిస్‌ని పెట్టుకున్నారు. మిగతావాళ్ళందరూ కూడా కొత్తవాళ్ళే.

మధ్యాహ్నం భోజనాల వేళ అసిస్టెంటు రేపటి కాగితాలు పంచాడు. బిషారా ఉడికించిన చిక్కుడు గింజల ఫూల్ పెట్టిన రొట్టె ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో కాగితాలు తిప్పాడు. ఆఖరి సీను. ఇన్‌స్పెక్టరు లేచి హంతకుడి దగ్గరికి వస్తాడు. వాడి చొక్కా చెయ్యి కిందికి దించి బొత్తాం పెడతాడు. "బయట చలిగా ఉంది బాబూ," అంటాడు. తర్వాత హెడ్డు కానిస్టేబులు బేడీలు వేస్తాడు. తర్వాత న్యాయం గురించి ఇన్‌స్పెక్టరు మాట్లాడే ఒకటిన్నర పేజీ ఉపన్యాసం.

బిషారా నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

అది ఇన్‌స్పెక్టరు మాట కాదు. తలుపు దగ్గర నించునే హెడ్డుది. నాటకం రాసినాయన ఆ హెడ్డుకి నాలుగే మాటలు రాశాడు, అన్నీ "చిత్తం సార్" లాంటివే. ఆ వేషం వేసిన మహ్రూస్ నలభై మూడో ఆట రోజున, ఎవరికీ చెప్పకుండా, ఆ బొత్తాం పని చేశాడు. ఆ మాట అన్నాడు. హాలు మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఆ మర్నాటి నుంచి జనం దాని కోసమే వచ్చారు. ఆ రోజు పుస్తకం అంచున పెన్సిలుతో రాసుకున్నది బిషారాయే. ఆ పుస్తకాన్నే రెండు నెలల కిందట సినిమావాళ్ళు అడిగి తీసుకెళ్ళి, నకలు తీసుకుని తిరిగిచ్చారు.

అతను కాగితాలు పట్టుకుని షుక్రీ గదికి వెళ్ళాడు. షుక్రీ మెడకి తువ్వాలు చుట్టుకుని పుచ్చకాయ తింటున్నాడు.

"బే, మహ్రూస్‌ని పిలవలేదా?"

"పేరున్న మొహాలు కావాలన్నారయ్యా. మహ్రూస్ మొహం ఎవరికి తెలుసు?"

"మరి ఈ బొత్తాం..."

"నాటకంలో ఉన్నదే కదా. తలుపు దగ్గర నించునేవాడికి ఇంత మంచి మాట ఎందుకని సినిమా రచయిత నాకిచ్చాడు. నేనడగలేదు." షుక్రీ గింజలు పళ్ళెంలోకి ఊశాడు. బిషారా వైపు చూడలేదు. "నూట ఎనభై ఆటలు మోసింది నేను కాదా? కూర్చో, ఓ ముక్క తిను. చల్లగా ఉంది."

బిషారా కూర్చున్నాడు. ముక్క తీసుకున్నాడు. తినడానికి చాలాసేపు పట్టింది.

సాయంత్రం ట్రాము దిగి ఇంటికి వెళ్ళకుండా బాబుల్ షారియా సందులోకి తిరిగాడు. వేసవిలో మహ్రూస్ తన బావమరిది ఇస్త్రీ దుకాణంలో పని చేస్తాడు. బిషారా వెళ్ళేసరికి అతను చెప్పులు విప్పి, నేలబల్ల మీద పరిచిన పొడవాటి జుబ్బా మీద బరువైన ఇనప పెట్టెని ఒక కాలితో నెడుతున్నాడు. చేత్తో పిడి పట్టుకుని, కాలితో తోస్తూ, నడుం నుంచి ఊగుతున్నాడు. నోట్లో నీళ్ళు పట్టి బట్ట మీద సన్నగా చిమ్మాడు. ఆవిరి లేచింది.

"ఓహో, సినిమా స్టారొచ్చాడు!" అన్నాడు మూతి తుడుచుకుని. "బల్ల కింద పడుకోబెట్టారటగా నిన్ను? ఊరంతా చెప్పుకుంటున్నారు. పిల్లి అనుకుని పాలు పోశారా లేదా?"

"పాలు లేవు. పుచ్చకాయ పెట్టారు."

మహ్రూస్ నవ్వి, స్టూలు తుడిచి వేశాడు. టీ తెప్పించాడు. ఒక తెల్ల చొక్కా తీసి, ఈసారి చేతి పెట్టెతో, చేతుల పట్టీలు ఇస్త్రీ చేయడం మొదలుపెట్టాడు. బొత్తాం చుట్టూ పెట్టె ముక్కు తిప్పి, దాని కింద బట్ట కూడా మడత పడకుండా.

"నా ఆ చిన్న పని ఉంచారా, తీసేశారా?" అని అడిగాడు చొక్కా మీంచి కళ్ళెత్తకుండా.

"ఉంచారు."

"ఎవరు చేస్తున్నారు?"

బిషారా గ్లాసులో చెంచా తిప్పాడు.

"షుక్రీ బేనా?" అన్నాడు మహ్రూస్. చొక్కా తిరగేసి రెండో చెయ్యి పరిచాడు. "మంచిదే. పోకుండా ఉంది. అది చాలు."

"ఎలా చాలుతుంది? అది నీది కదయ్యా!"

"నాది, నీది అంటూ పంచుకోడానికి అదేమన్నా పొలమా? టీ చల్లారిపోతోంది, తాగు."

బిషారాకి ఒళ్ళు మండింది. మహ్రూస్ కసిరితేనో, షుక్రీని నాలుగు మాటలంటేనో ఇంత బాధ ఉండేది కాదు. టీ సగం వదిలేసి లేచి వచ్చేశాడు.

మర్నాడు పదింటికల్లా దీపాల వేడికి సెట్టు పొయ్యిలా ఉంది. బిషారా బల్ల కింద చెమటలో నానుతున్నాడు. అక్కడ్నుంచి అతనికి కనబడేవి కాళ్ళు మాత్రమే. షుక్రీ నల్ల బూట్లు, యూనిస్ గోధుమరంగు బూట్లు, తలుపు దగ్గర కొత్త హెడ్డు పట్టీలు చుట్టిన కాళ్ళు.

మొదటి టేకులో షుక్రీ బూట్లు యూనిస్ బూట్ల దాకా వెళ్ళి ఆగాయి. "బయట చలిగా ఉంది బాబూ."

"కట్," అన్నాడు డైరెక్టరు వజ్దీ. కోపం లేదు గొంతులో, ఏదో వెతుక్కుంటున్న వాడిలా ఉన్నాడు. "బే, మీరు బాగానే చేశారు. నాకే అందడం లేదు. ఇంకోసారి."

రెండు. మూడు. నాలుగోసారి మెల్లగా అన్నాడు షుక్రీ. అయిదోసారి యూనిస్ భుజం మీద చెయ్యి వేసి అన్నాడు.

"ఆగస్టులో చలేమిటి?" అన్నాడు వజ్దీ చివరికి. "పొద్దుట్నుంచీ అదే నన్ను తొలుస్తోంది. కథలో ఫ్యాను తిరుగుతోంది, అందరూ చెమటలు తుడుచుకుంటున్నారు. వీడు చలి అంటాడేమిటి? స్టేజీ మీద ఎలా చేసేవారు?"

"ఇలాగే," అన్నాడు షుక్రీ. "నేనిలా అనగానే ఆడవాళ్ళు వెక్కి వెక్కి ఏడ్చేవాళ్ళు."

బల్ల కింద బిషారా కళ్ళు మూసుకుని తెరిచాడు.

ఏడో టేకు. కెమెరా తిరుగుతోంది. షుక్రీ బూట్లు ముందుకి వెళ్ళలేదు. బల్ల వెనకే ఆగిపోయాయి. పైన సొరుగు చప్పుడైంది. చదరపు వెలుగులో షుక్రీ మొహం కనబడింది. పౌడరు చెమటకి చారలు కట్టింది. కళ్ళలో బిషారా ఎన్నో ఏళ్ళుగా ఎరిగిన ఆ చూపు: మాట పోయింది, ఇవ్వు.

ముప్ఫయ్యేళ్ళలో ఆ చూపుకి బిషారా బదులివ్వకుండా ఉన్నది లేదు. జ్వరంలో ఇచ్చాడు. తల్లిని పాతిపెట్టి వచ్చిన రోజున ఇచ్చాడు. ఇప్పుడు అతని పెదాలు కదల్లేదు. షుక్రీ కనుబొమలు ఎగరేశాడు. ఇంకో క్షణం గడిచింది.

"అది నీ మాట కాదు బే," అన్నాడు బిషారా. "మహ్రూస్‌ది."

గుసగుస కాదు. మామూలు మనిషి గొంతు. తన గొంతు అంత లావుగా ఉంటుందని అతనికే తెలియదు. ఆర్తీన్ చెవులకి పెట్టుకున్నవి ఊడబెరుక్కున్నాడు.

"కట్! ఎవరది?"

బిషారా పాకుతూ బయటికి వచ్చాడు. మోకాళ్ళకి దుమ్ము, మేజోళ్ళ కాళ్ళు. చంకలో పుస్తకం. ఎవరి వైపూ చూడకుండా ఆఖరి పేజీలు తిప్పి, అంచున పెన్సిలు రాతని వజ్దీకి చూపించాడు. వజ్దీ గట్టిగా చదివాడు.

"నలభై మూడో ఆట. మహ్రూస్ బేడీ వేశాక, చొక్కా చెయ్యి బేడీ మీదికి దించి బొత్తాం పెట్టాడు. 'బయట చలిగా ఉంది బాబూ' అన్నాడు. ఉంచాలి." తలెత్తాడు. "బేడీ వేశాకా? వేశాకనా, ముందా?"

"వేశాక. రచయిత గారు తిరగేసి రాశారు."

షుక్రీ సొరుగు మెల్లగా మూసి, తన గదికి వెళ్ళి తలుపేసుకున్నాడు.  కాసేపటికి అసిస్టెంటు వచ్చి, "మీరు ఇంటికి వెళ్ళండి ఉస్తాద్," అన్నాడు. బిషారా బూట్లు తొడుక్కున్నాడు. లేసులు కట్టుకోలేదు. అలాగే వేలాడేసుకుని స్టూడియో గేటు దాటాడు.

ఆ మధ్యాహ్నం మహ్రూస్‌కి జరిగిందంతా చెప్పాడు. మెచ్చుకుంటాడేమో అని మనసులో ఏ మూలో ఉంది. మహ్రూస్ ఇస్త్రీపెట్టెని దిమ్మ మీద దించాడు.

"నా పేరు చెప్పమని నిన్నెవరడిగారు?"

"అన్యాయం కదయ్యా..."

"షుక్రీ నీకు అన్నం పెట్టించాడు. నూరు మందిలో అతని పరువు తీసి వచ్చావు. ఎందుకూ? ఆ పని నాదని చెప్పడానికి. అది నాది కాదు బిషారా!"

దుకాణంలో ఇంకెవరూ లేరు. అయినా మహ్రూస్ తలుపు సగం దించి వచ్చి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"నాకు పంతొమ్మిదేళ్ళు. మన్సూరాలో బట్టల కొట్లో పని. ఒక తాను పట్టు ఎత్తుకుపోయాను. నిజంగానే ఎత్తుకుపోయాను, ఎవరో నింద వెయ్యలేదు. ఠాణా నుంచి జైలుకి తీసుకెళ్ళాలంటే బజారు మధ్యలోంచి వెళ్ళాలి. శుక్రవారం. నమాజు వదిలారు. మా వీధి వాళ్ళు, మా అమ్మ, అందరూ అక్కడే ఉంటారు. ఓ ముసలి హెడ్డు నా కుడిచేతికీ తన ఎడమచేతికీ కలిపి బేడీ వేశాడు. గుమ్మం దాటబోతూ ఆగాడు. మోచేతి దాకా మడిచి ఉన్న నా చొక్కా చెయ్యి బేడీ మీదికి దించాడు. ఖాళీగా ఉన్నది ఒక్క చెయ్యి. ఆ చేత్తోనే తంటాలు పడి బొత్తాం పెట్టాడు. తన చెయ్యి కూడా కోటు లోపలికి లాక్కున్నాడు. 'బయట చలిగా ఉంది బాబూ' అన్నాడు. అది జూన్ నెలయ్యా. పిట్టలు రాలిపోతున్నాయి ఎండకి."

బిషారా తన చొక్కా చేతి వైపు చూసుకున్నాడు.

"ఇద్దరం పక్కపక్కనే బజారంతా నడిచాం. చూసినవాళ్ళకి మామా అల్లుళ్ళలా ఉన్నాం. నా చెయ్యి ఎవరూ చూడలేదు. మా అమ్మ కూడా. జైలు గుమ్మం దగ్గర నన్ను అప్పజెప్పి ఆయన వెళ్ళిపోయాడు. పేరు తెలియదు. సిగ్గుతో మొహం కూడా సరిగ్గా చూడలేదు. నోరెండిపోయి 'మీకు పుణ్యముంటుంది' అని ఒక్క ముక్క కూడా అనలేదు." మహ్రూస్ అరచేతులు మోకాళ్ళకి రాసుకున్నాడు. "స్టేజీ మీద అదే వేషం దొరికింది. ఆయన చేసింది నేను చేశాను, అంతే. రోజూ ఆయనకి ఒక దణ్ణం పెట్టుకున్నట్టు ఉండేది. ఇది నా పెళ్ళానికి కూడా తెలియదు. నీ కడుపులోనే ఉంచుకో."

"అందించమన్న మాటే అందిస్తాను నేను," అన్నాడు బిషారా.

సందులో కారు ఆగిన చప్పుడైంది. సగం దించిన తలుపు కింద నల్ల బూట్లు కనబడ్డాయి. మహ్రూస్ లేచి తలుపెత్తాడు. షుక్రీ బే టోపీ చేత్తో పట్టుకుని నించున్నాడు. పౌడరు సరిగ్గా కడుక్కోలేదు, చెవుల వెనక ఇంకా ఉంది.

"రండి బే, లోపలికి రండి. స్టూలు వెయ్యి బిషారా. ఇక్కడ వేడి, ఏమనుకోకండి."

షుక్రీ కూర్చున్నాడు. స్టేజీ మీద మూడు గంటలు ఏకధాటిగా మాట్లాడగలిగిన మనిషి మొదలుపెట్టడానికి తడబడ్డాడు.

"పొద్దున మాట మర్చిపోయాను మహ్రూస్. ఇతను అందించలేదు. గదిలో కూర్చుని గుర్తు తెచ్చుకుందామని చూస్తే అప్పుడర్థమైంది. ఆ మాట నేనెప్పుడూ అన్లేదయ్యా. వినేవాణ్ణి. నీ పక్కన నించుని నూట ముప్ఫై ఎనిమిది సార్లు విన్నాను. నాదే అనిపించేసింది." టోపీ అంచు తిప్పాడు. "వజ్దీకి చెప్పి వచ్చాను. నువ్వు రావాలి. అతను పిలవడం కాదు, నేను పిలుస్తున్నాను."

"బే, మీ మాట తీసేస్తానా? కానీ ఒకటి అడుగుతాను."

"అడుగు."

"నాటకంలో ఆ హంతకుడు బొత్తాం పెట్టించుకుని ఊరికే వెళ్ళిపోతాడు. నోరు తెరవడు. వాడి చేత ఒక్క మాట అనిపించాలి. 'మీకు పుణ్యముంటుంది' అని. అంతే. నాకింకేం వద్దు."

షుక్రీ ఎందుకని అడగబోయి, బిషారా మొహం చూసి ఆగిపోయాడు.

మూడోరోజు మహ్రూస్ హెడ్డు బట్టలు వేసుకుని వచ్చాడు. కోటు అతనే ఇస్త్రీ చేసుకున్నాడు. బల్ల కింద కంబళి తీసేశారు. ఈ సీనులో షుక్రీకి అందించాల్సింది పెద్దగా లేదు. బిషారా ఏం చెయ్యాలో తెలియక గోడ పక్కన నించుంటే, ఆర్తీన్ చెయ్యి ఊపి పిలిచి, పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాడు.

రిహార్సలు అయ్యాక వజ్దీ గడ్డం గోక్కున్నాడు. "పుణ్యముంటుంది అన్న మాట బాగుంది. చాలా బాగుంది. కానీ దాని మీద వెంటనే ఒకటిన్నర పేజీ ఉపన్యాసం పడితే ఎవరికి గుర్తుంటుంది?" అని, ఆ ఉపన్యాసం ఎవరిదో గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. ఎవరూ షుక్రీ వైపు చూడలేదు. ఆ ఉపన్యాసానికే నూట ఎనభై ఆటలు చప్పట్లు పడ్డాయి. అది చెప్పడానికే అతను సినిమాకి ఒప్పుకున్నాడని అందరికీ తెలుసు.

షుక్రీ బల్ల మీది కాగితాలు సర్దాడు. మళ్ళీ సర్దాడు.

"బిషారా," అన్నాడు. "పెన్సిలుందా?"

"ఉంది బే."

"నా మాటలు కొట్టెయ్. 'న్యాయం అనేది' దగ్గర్నుంచి కింది దాకా." గొంతు ఒకసారి సవరించుకున్నాడు. "నేను కుర్చీలో కూర్చునే ఉంటాను. వాళ్ళు వెళ్ళిపోతారు. అక్కడితో అయిపోనీ."

బిషారా పుస్తకం తెరిచి, ఒళ్ళో పెట్టుకుని, పై నుంచి కింద దాకా ఒక గీత గీశాడు. 

దీపాలు వేశారు. ఆర్తీన్ తన చెవుల మీది జతలో ఒకటి తీసి బిషారా చెవికి ఆనించి పెట్టాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు.

మహ్రూస్ చేతికీ యూనిస్ చేతికీ కలిపి బేడీ పడిన చప్పుడు వినబడింది. మహ్రూస్ యూనిస్‌ని రెండడుగులు నడిపించి గుమ్మం దగ్గర ఆగాడు. ఒక్క చేత్తో చొక్కా చెయ్యి దించాడు. బొత్తాం కన్నంలోకి దూరలేదు. మొదటిసారి జారింది. బొటనవేలితో మళ్ళీ నొక్కాడు. తన చెయ్యి కోటు లోపలికి లాక్కున్నాడు. తలెత్తి గుమ్మం బయట ఎండలా మండుతున్న దీపాల వైపు చూశాడు.

"బయట చలిగా ఉంది బాబూ."

యూనిస్ ఆ చేతి వైపు చూసి, అర్థం చేసుకున్నాడు. రిహార్సల్లో లేనిదేదో అతని మొహంలోకి వచ్చింది.

"మీకు పుణ్యముంటుంది," అన్నాడు. 

ఇద్దరూ పక్కపక్కనే నడుచుకుంటూ వెళ్ళిపోయారు. షుక్రీ బే కుర్చీలో కదలకుండా, వెళ్ళినవాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎప్పుడు 'కట్' అన్నారో బిషారాకి తెలియదు. ఆర్తీన్ చెవి దగ్గరిది తీసేస్తుంటేనే తేరుకున్నాడు.

మధ్యాహ్నం స్టూడియో వెనక నీడలో మెట్ల మీద మహ్రూస్ కోటు బొత్తాలు విప్పుకుని రొట్టె తింటున్నాడు. బిషారా వచ్చి పక్కన చతికిలబడ్డాడు. 

"యూనిస్ ఎంత బాగా అన్నాడయ్యా," అన్నాడు మహ్రూస్. "ఎవరికి అన్నాడో మాత్రం తెలియదు పాపం."

"బతికుంటే ఆయనకి ఎన్నేళ్ళుంటాయి?"

"ఎనభై దాటి ఉంటాయి." మహ్రూస్ రొట్టె ముక్క తుంచి, తినకుండా వేళ్ళ మధ్య తిప్పాడు. "ఆ వయసులో సినిమాలకి వెళ్తారంటావా?"

"మన్సూరాలో పెద్ద హాలుంది," అన్నాడు బిషారా. "మనవలుంటారు కదా. వాళ్ళు తీసుకెళ్తారు. ముందు వరసలో కూర్చోబెడతారు."

"కళ్ళు కనబడాలి."

"వినబడుతుంది. ఆర్తీన్ మైకు చాలా మంచిది."

మహ్రూస్ తలూపి, ఆ ముక్క నోట్లో పెట్టుకున్నాడు.